కత్తి పెట్టని రొట్టె

"ఆ మాట నా వంటింట్లో అనొద్దన్నానా?"

"కల్లును కల్లు అనక ఇంకేమనాలి పిన్నీ?"

"పొంగు అను. మీ అమ్మ అనేది కాదూ? మీ తాత అనేవాడు కాదూ? నీకేమొచ్చింది?"

"ఏ పేరు పెట్టినా ముంతలో ఉన్నది కల్లే. చెట్టు మీంచి దిగిందే. అది పోసి పిసికిన రొట్టెను ఇన్నేళ్లుగా ప్రభువు బల్ల మీద పెడుతున్నాం."

"పెట్టాం. తిన్నారు. ప్రభు సంస్కారం తీసుకుని ఎవడైనా తూలుకుంటూ ఇంటికెళ్లాడా? ఉంటే వాడి పేరు చెప్పు."

మా ఆయన చేతిలో గుడ్డసంచి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ పొయ్యి పక్కన చతికిలబడి బొగ్గులు చిన్న ముక్కలుగా కొడుతోంది. మాటకొక దెబ్బ. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఇద్దరిలో ఎవరూ నన్ను తీర్పు అడగకూడదని తల ఎత్తలేదు.

ఆవిడ మా అత్తగారి చెల్లెలు. మా ఆయనకు పిన్ని, నాకు చిన్నత్తగారు. మా ఆయన చిన్నతనంలోనే, భర్త పోయాక మా ఇంటికి వచ్చేసింది. ఊళ్లో అందరికీ రొట్టెలమ్మ. అసలు పేరు పెట్టి పిలిచినవాళ్లు నాకు గుర్తులేరు, నేనూ ఇక్కడ రాయను. మాది ఉయ్యూరు దగ్గర, కాలవ గట్టున ఊరు. ఇది డెబ్భైల్లో మాట.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు విజయవాడలో, గవర్నర్‌పేటలో కొత్తగా పెట్టిన దుకాణం నుంచి పెద్ద రొట్టె ఒకటి కొనుక్కొచ్చింది. పైన ఏవో గింజలు, కింద కాగితం సంచీ. ధర అడగలేదు. అడిగితే తినలేనని తెలుసు. బల్ల మీద పెట్టి కత్తి తీసింది. నాకు తెలియకుండానే నా చేయి వెళ్లి దాని చేయి పట్టుకుంది. "ఏంటి అమ్మమ్మా?" అంది. "ఏం లేదు, కోసుకో" అన్నాను. కోసింది, తిన్నాం. అప్పట్నించీ చిన్నత్తగారు నా వెనకాలే తిరుగుతోంది. రాసి ఒకచోట కూర్చోబెడదామని ఇది మొదలుపెట్టాను. నా చదువు అయిదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ రోజుల్లో మా ఊళ్లో రొట్టె అంటే మినపరొట్టె, కాకపోతే జొన్నరొట్టె. పొంగిన రొట్టెను బ్రెడ్డు అనేవాళ్లు. అది జ్వరం తిండి. డాక్టరు పథ్యం చెప్తే విజయవాడ వెళ్లేవాళ్ల చేత తెప్పించి, పాలల్లో నానేసి, మూతి తిప్పుకునే రోగి నోట్లో పెట్టేవాళ్లు. మా పెరట్లోంచి వాసన లేచినప్పుడు ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో ఒకరు గోడ మీంచి తొంగి చూసేవాళ్లు.

"ఎవరికండీ జ్వరం?"

"నీకే. లోపలికి రా" అనేది చిన్నత్తగారు.

చిన్నప్పుడు మిషను బంగళాలో దొరసానమ్మ దగ్గర పనిచేసి నేర్చుకుందట. అంతకు మించి ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. సంస్కారం ఉన్న ఆదివారానికి ముందు, శనివారం తెల్లవారుతుండగా కల్లుగీసే అతను పెరటి తలుపు దగ్గరకు వచ్చేవాడు. తలుపు తట్టడు, దగ్గుతాడు. ఈవిడ లోపల్నించి తిరిగి దగ్గుతుంది. అంతే, బేరం అయిపోయినట్టు. అరిటాకు మూతేసిన చిన్న ముంత గడప మీద ఉండేది. చెట్టు దిగిన వెంటనే తేవాలి. ఎండెక్కాక తెస్తే ముంత దగ్గర ముక్కు పెట్టి, "ఇది తాగేవాళ్లకి ఇచ్చుకో" అని తిప్పి పంపేది.

ముంతలోది ఏమిటో ఊరంతటికీ తెలుసు. ఆ మాట ఎవరూ అనేవాళ్లు కాదు. "పొంగు వచ్చిందా?" "వచ్చింది." ఆ ఒక్క మాట చాటున సంఘమంతా ఏళ్ల తరబడి సుఖంగా సంస్కారం తీసుకుంది.

పిసికేటప్పుడు ఆవిడ మాట్లాడేది కాదు, మాట్లాడనిచ్చేది కాదు. ఎవరైనా నోరు తెరిస్తే చేతులు ఆపేసి, వాళ్లు ముగించేదాకా పిండి వైపే చూస్తూ కూర్చునేది. చెక్క పళ్లెంలో పిండిని మడతపెట్టి, అరచేతి మడమతో ముందుకు తోసి, మళ్లీ లాక్కుని, మళ్లీ తోసి. మొదట చేతులకు బంకగా అంటుకునేది కాసేపటికి చేతులు వదిలేది. అప్పుడొక చేత్తో పిండిని, ఇంకో చేత్తో తన చెవి తమ్మెను పట్టుకుని కళ్లు మూసుకునేది. రెండూ ఒకలా ఉండాలి. శనివారం సాయంత్రందాకా ఆవిడ తమ్మెకు పిండి అంటి ఉండేది, తెల్లదుద్దు పెట్టుకున్నట్టు.

తర్వాత పిండిని కుండలో వేసి, తడిగుడ్డ కప్పి, తన మంచం మీద దుప్పట్లో చుట్టి పడుకోబెట్టేది. "పడుకుంది. గట్టిగా అరవకండి" అనేది మా పిల్లలతో. ఒకసారి మంగళగిరి నుంచి చీరలు అమ్మే ఆవిడ వచ్చింది. ఆ మంచం పక్కనే మూట విప్పింది. దుప్పటి వైపు చూసి గొంతు తగ్గించింది. బేరమంతా గుసగుసల్లోనే చేసింది. వెళ్లేటప్పుడు మెల్లిగా అడిగింది.

"ఎన్నో నెలండీ?"

"నెలా? పొద్దున పుట్టింది. సాయంత్రానికి రెండింతలవుతుంది" అంది చిన్నత్తగారు, తల తిప్పకుండా.

ఆ చీరలావిడ మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

నాకూ ఆవిడకూ పడేది కాదు. నేను గీసి గీసి వాడే మనిషిని. చక్కెర ఫ్యాక్టరీ ఊరి పక్కనే ఉన్నంత మాత్రాన పంచదార మా ఇంట్లోకి నడిచి రాదు. ఆవిడ గుప్పెడు తీస్తే నేను డబ్బా మూత బిగించేదాన్ని. ఆవిడ అడిగేది కాదు. మూత దగ్గర నిలబడి, పిండి చేతులు గాల్లో పెట్టుకుని, నేను తీసేదాకా అలాగే ఉండేది. బొగ్గులకూ అంతే. బానలో కాలవ ఇసుక పోసి, ఇసుక కాగాక వనస్పతి డబ్బాలో పిండి పెట్టి అందులో కూరి, మూత మీద నిప్పులు పోసేది. ఆ నిప్పుల మీద రెండు పూటల వంట అయ్యేది నాకు. ఆ మాట అంటే, "అయితే వండుకో, రొట్టె తినకు" అనేది.

తినకుండా ఎలా ఉంటాను? డబ్బా గట్లు ఒంటి మీద అచ్చుపడి, రొట్టె గుండ్రంగా, ఎర్రగా బయటికి వచ్చేది. బోర్లించి అడుగున వేలి కణుపుతో తట్టేది, ఎవరింటికో వెళ్లి తలుపు తట్టినట్టు. చెవి పెట్టి వినేది. డొల్లగా మోగితే "ఆఁ" అనేది. మోగకపోతే మళ్లీ ఇసుకలోకి. తర్వాత కాస్త చల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. పిల్లలు చుట్టూ కూర్చుని వాసన పీల్చుకోవడమే.

కత్తి మాత్రం చూపించేది కాదు. కత్తిపీట ఉన్న మూలకు రొట్టెను వెళ్లనిచ్చేది కాదు. "కోయండి నాయనమ్మా" అని పిల్లలంటే, "గుమ్మడికాయేంట్రా కోయడానికి?" అనేది. రెండు చేతుల్లో పట్టుకుని, బొటనవేళ్లతో నడిమికి నొక్కి విరిచేది. పైపెచ్చు ఫెళ్లుమని చిట్లేది, లోపల్నించి ఆవిరి. ఆ చప్పుడు కోసం మా పిల్లలు కొట్టుకోవడం కూడా ఆపేవాళ్లు. అడుగు పెచ్చు నాకిచ్చేది. గేదె వెన్న రాసుకుని, పంచదార గురించి గొడవపడిన ఆ నోటితోనే తినేదాన్ని. కరకరలాడి, లోపల మెత్తగా, కొంచెం పులుపు తగిలేది. బాగుందని నేను ఏనాడూ అనలేదు. ఆవిడా అడగలేదు. నా పళ్లెంలో నలుసు మిగలలేదని మాత్రం చూసేది.

ఒక శనివారం పిసుకుతూ పిసుకుతూ ఆగింది. తన తమ్మె పట్టుకుంది, పిండి పట్టుకుంది, మళ్లీ తమ్మె పట్టుకుంది. "అమ్మాయ్, ఇలా రా" అంది. వెళ్లాను. పిండి చేత్తోనే నా చెవి పట్టుకుంది.

"ఏంటి చిన్నత్తయ్యా ఇది?"

"నా తమ్మె సాగిపోయింది. దీన్ని నమ్ముకుంటే జారుడవుతోంది పిండి. ఇకనించి నీది ఇయ్యి."

ఆ తర్వాత ప్రతిసారీ నా చెవే. బియ్యం కడుగుతున్నా, పిల్లకు జడేస్తున్నా వచ్చి పట్టుకునేది. ఒక మాట అనకుండా పట్టుకుని, కళ్లు మూసుకుని, వెళ్లిపోయేది.

ఆవిడ రెండు రొట్టెలు చేసేది. ఒకటి ఇంటికి, ఒకటి గుడికి. ఆదివారం పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర ఆ రొట్టెను పైకెత్తి విరిచేవారు. ఆ ఫెళ్లుమనే చప్పుడు ఆడవాళ్ల చివరి చాపదాకా వినిపించేది. అప్పుడు చిన్నత్తగారు ముసుగు సర్దుకునేది. ఆవిడకు అదే ఆమేన్.

ఇంతలో మా ఆయన సంఘపెద్ద అయ్యారు. కొత్త పెద్దలు కూర్చుని, తాగేవాళ్లను బల్ల దగ్గరకు రానివ్వకూడదని తీర్మానించారు. మంచి మాటే, నేను కాదనను. ముందుగా చెరుకుబండి తోలే ఒక మనిషి దగ్గరకు వెళ్లారు. అతను సాయంత్రమయ్యేసరికి తాగి కాలవ గట్టున పాడుకునే మనిషి. మా ఆయనే మాట్లాడారు, కల్లు మానేదాకా బల్ల దగ్గరకు రావద్దని. అతను తలపాగా విప్పి భుజాన వేసుకుని, నలుగురు వింటుండగా అన్నాడట: "మానతానండీ. ముందు మీ పిన్నిగారు రొట్టెలో పోసేదేంటో అడిగి రండి."

మా ఆయన ఇంటికి రాలేదు. అట్నించి అటే బస్సెక్కి విజయవాడ వెళ్లారు. సాయంత్రం గుడ్డసంచితో గుమ్మంలో నిలబడ్డారు. ఆ గొడవే నేను మొదట రాసింది. మిగతాది ఇది.

"అది కాదు పిన్నీ. వాడు నలుగురిలో ఏమన్నాడో తెలుసా నీకు?"

"తెలుసు. నా రొట్టెలో ఏం పోస్తానో అడగమన్నాడు. నిజమే అన్నాడు. వాడు తాగుతాడు, అబద్ధం చెప్పడు."

"ఇప్పుడు నేను వాడికేం సమాధానం చెప్పను?"

"రా, తిను అని చెప్పు."

"అలా కుదరదు. బజార్లో ఏదో పొడి ఉందంట, అది వేసి చెయ్యి ఇకనించి."

"ఆ పొడితో నాకు పరిచయం లేదు."

బొగ్గు పగిలి ఒక ముక్క నా చేటలో పడింది. తీసి బొగ్గుల్లో వేశాను. మా ఆయన సంచిలోంచి మైనపు కాగితంలో చుట్టిన రొట్టె తీసి పీట మీద పెట్టారు.

"రేపటికి రొట్టె ఇదిగో. మంచి బేకరీలో తెచ్చాను. మంచిది ఇవ్వమని అడిగి మరీ తెచ్చాను."

చిన్నత్తగారు దాని వైపు చూసింది. బొగ్గు చేయి చీరకు తుడుచుకుని ఒక్క వేలితో నొక్కింది. కాగితం లోపల అది దిగబడి, మళ్లీ లేచింది.

"ఎవరికిరా జ్వరం?"

మా ఆయన మొహం ఎర్రబడింది. ఆవిడ ముందు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"ఆ మంచం మీద పిండి తీసుకెళ్లి కాలవలో పారబొయ్యి. కల్లు వాసన నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

ఆవిడ లేవలేదు. రోకలి పక్కన పెట్టింది. నేను పలికింది అప్పుడే.

"పారబోయడమేంటండీ? మైదా ఊరికే వచ్చిందా? అందులో పంచదార ఉంది, నా చేత్తో ఇచ్చాను. ఒక్క రొట్టె కాల్చుకుని పిల్లలు తింటారు."

మా ఆయన నన్ను చూశారు. మైదా మాట వచ్చాక నన్ను కదపలేరని ఆయనకు తెలుసు.

"సరే. ఇంట్లో తినండి. కానీ ఆ రొట్టె రేపు గుడి గడప దాటకూడదు. చెప్తున్నాను పిన్నీ, దాటకూడదు."

"దాటదు" అంది ఆవిడ. "అయితే నువ్వూ విను. నా రొట్టె లేని బల్ల దగ్గర నేను చేయి చాపను."

"చాపకపోతే జనం ఏమనుకుంటారు? సంఘపెద్ద ఇంట్లో మనిషే సంస్కారం తీసుకోలేదని..."

"అది నీ తలనొప్పి. పెద్దవు కదా."

ఆ పూట అన్నాల దగ్గర పిల్లలు కూడా మజ్జిగ అడగడానికి నా కొంగు లాగారు. మా సంఘంలో సంస్కారం వదిలేయడం చిన్న విషయం కాదు. పళ్లెం ముట్టుకోని ఆడమనిషి గురించి వారమంతా బావి దగ్గర మాట్లాడుకుంటారు, ఆ ఇంటి మగవాడి మాట పెద్దల్లో చెల్లదు. ఆవిడ మాటంటే వెనక్కు తీసుకోదని ఆయనకు తెలుసు. ఆయన కూడా ఆవిడ పెంచిన మనిషే. కంచం కడుగుతూ చూస్తే, ఆవిడ మంచం దగ్గర వంగి దుప్పటి సర్దుతోంది, కుండ పక్కల్లో గాలి దూరకుండా.

మర్నాడు పొద్దున్నే లేచి ఒక్క రొట్టె కాల్చింది. బోర్లించి తట్టింది, చెవి పెట్టింది. తెల్లగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది. "ఇంట్లో తినమన్నారు కదా చిన్నత్తయ్యా" అన్నాను. "గడప దాటదన్నాను, దాటదు" అని నడిచింది. నేను పిల్లల్ని తీసుకుని వెనక నడిచాను. మా ఆయన ముందే వెళ్లిపోయారు.

గుడి మెట్ల మీద చెరుకుబండి మనిషి కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, నూనె రాసి తల దువ్వుకుని వచ్చాడు. లోపలికి మాత్రం వెళ్లలేదు. చిన్నత్తగారు గుడ్డ మూట అతని ఒళ్లో పెట్టింది.

"పట్టుకో. నువ్వూ రాకూడదు, ఇదీ రాకూడదు."

"వేడిగా ఉందమ్మగారూ."

"చల్లారుతుంది. విప్పకు."

చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, ఎప్పుడూ కూర్చునే ముందు చాప మీద కాకుండా తలుపు పక్కన చివరి చాప మీద కూర్చుంది. నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను.

సంస్కారం వేళకు అయ్యగారు బల్లగుడ్డ తొలగించారు. మైనపు కాగితం విప్పి, ఎప్పటిలాగే రెండు చేతుల్తో రొట్టెను పైకెత్తారు. ఎత్తేసరికి అది పేకముక్కల్లా విచ్చుకుపోయింది. బేకరీలోనే ముక్కలు కోసి ఇచ్చారు. మంచిది అడిగితే కోసింది ఇచ్చారు. మా ఆయన విప్పి చూడలేదు. రెండు ముక్కలు బల్ల మీద పడ్డాయి. అయ్యగారు వాటిని పోగుచేసుకున్నారు. విరవడానికి ఏమీ లేదు. చివరికి ఒక ముక్క తీసుకుని రెండుగా చింపారు. చప్పుడు రాలేదు. మగవాళ్ల వైపు ముందు వరసలో మా ఆయన తల వంచుకుని ఉన్నారు.

పళ్లెం చాప చాపకూ వచ్చింది. చిన్నత్తగారు అందుకుని, అందులోకి చూడకుండా నాకిచ్చింది. నేను ఒక ముక్క తీసుకున్నాను. అంగిలికి అతుక్కుంది. ముందు చాప మీద ఎవరో ఎవరి చెవిలోనో ఏదో అన్నారు.

దీవెన అయ్యాక ఆవిడే ముందు బయటికి వచ్చింది. మెట్ల మీద మనిషి లేచి మూట ఇచ్చాడు. విప్పలేదు. ఆవిడ గుడ్డ భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్టు దిగి నేల మీద నిలబడి, రొట్టెను నడిమికి విరిచింది. ఫెళ్లుమంది. బయటికి వస్తున్నవాళ్లు ఆగారు.

మొదటి ముక్క చెరుకుబండి మనిషికి ఇచ్చింది. రెండోది నా చిన్నదానికి. తర్వాత ఎవరొస్తే వాళ్లకు. ప్రార్థన చేయలేదు, మాట్లాడలేదు. విరవడం, ఇవ్వడం. కొంతమంది తీసుకున్నారు, కొంతమంది మా ఆయన ఎక్కడున్నారా అని చూసి పక్కనుంచి వెళ్లిపోయారు. నాకు అడుగు పెచ్చు ఇచ్చింది.

మా ఆయన అందరికంటే వెనక వచ్చారు. ఆవిడ చేతిలో ఒక్క ముక్క మిగిలింది. చాపింది. ఆయన మెట్టు మీద నిలబడి చెరుకుబండి మనిషిని చూశారు, నన్ను చూశారు. ముక్క తీసుకున్నారు. తినలేదు. చొక్కా జేబులో పెట్టుకుని, కాలవ గట్టున ఇంటి దారి పట్టారు.

నేను ఇల్లు చేరేసరికి చొక్కా విప్పి దండెం మీద వేసి ఉంది. విడిచిన బట్టల్లో వేసేముందు జేబులు తిరగేసి చూడటం నాకు అలవాటు. తిరగేశాను. రొట్టె లేదు. మూలల్లో పొడి ఉంది. దులిపాను.